ప్రదక్షిణం చేసిన ఇండికేటరు

ఉప్పుగూడ స్టేషన్ వెనక పాల వ్యాపారం చేసే గోవర్ధన్ ఇంట్లో ఎనిమిది బర్రెలు, ఒక ఆవు, తల్లి నాగమణమ్మ, భార్య ఆండాలు, పదమూడేళ్ల వయసున్న ఒక తెల్ల కారు ఉన్నాయి. ఇందరిలో తన మాట వినేది కారొక్కటే అని ఆయన నమ్మకం.

ఆయన చెల్లెలు సక్కుబాయి జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుంది. కిందటేడు ఆ ప్లాటులో ముగ్గు పోసిన రోజు గోవర్ధన్ కారు ముందు నడిచింది, ఆండాలు తమ్ముడు బీరయ్య తన కారులో వెనక వచ్చాడు. కాలనీ ఎంత కొత్తదంటే, ఫోనులో చూస్తే ఆ జాగా అంతా ఉత్త బయలు. దారి తెలిసింది గోవర్ధన్‌కే. పాపం ఆయన మలుపు మలుపుకూ ఇండికేటరు వేశాడు. కానీ ఎండలో ఆ ముసలి బల్బు వెలిగిందో లేదో బీరయ్యకు తెలియలేదు. తిన్నగా శ్రీశైలం రోడ్డు పట్టుకుపోయి, అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక వచ్చాడు.

"మా బావ కారుకు కన్ను కొట్టుడు రాదు," అన్నాడు చేతులు కడుక్కుంటూ. అందరూ నవ్వారు. సక్కుబాయి కూడా నవ్వింది. గోవర్ధన్‌కు గుచ్చుకుంది అదే.

ఇప్పుడు గృహప్రవేశం. ఈసారి వెనకవాళ్లు దారి తప్పితే నవ్వుతో పోయేది కాదు. ఆడబిడ్డ కొత్తింట్లో కాలు పెట్టాలంటే పుట్టింటి బట్టలు కట్టుకోవాలి. పుట్టింటి తరఫున ఐదుగురు ముత్తైదువలు ఒడిబియ్యం పోయాలి. ముందు ఆవూ దూడా గడప దాటాలి, ఆ వెనక ఆమె దాటాలి. బట్టలు, బియ్యం, ముత్తైదువలు, ఆవు, దూడ అన్నీ ఉప్పుగూడ నుంచే పోవాలి. ముహూర్తం పొద్దున తొమ్మిది పద్దెనిమిది నుంచి తొమ్మిది నలభై రెండు దాకా. అది దాటితే మళ్లీ మంచి రోజు రెండు నెలల తరువాతే అన్నాడు పంతులు. సక్కుబాయి కిరాయి ఇల్లు ఖాళీ చేసి సామాను కట్టేసుకుంది కూడా.

గోవర్ధన్ మనసులో అమ్మవారికి దండం పెట్టుకుని, కార్ల కరెంటు పని చేసే బబ్లూ దగ్గరికి పోయాడు.

"ఎంత ఎండలనైనా, ఎంత దూరంకెల్లైనా కనవడాలె. గుడ్డోనికి సుత తెల్వాలె, ఈన గిటు మలుగుతుండని."

"ఫికర్ నక్కో అన్నా," అన్నాడు బబ్లూ. "రన్నింగ్ ఇండికేటర్లు పెడ్త. ఒకదానెంట ఒకటి ఎలుగుకుంట ఉరుకుతయి."

డిక్కీ కింది అంచున, నంబరు ప్లేటుకు అటూ ఇటూ, మూరెడు మూరెడు పట్టీలు రెండు అతికించాడు. ఒక్కోదాంట్లో ముప్పై చిన్న దీపాలు. పాత బల్బులు పీకేశాడు. స్విచ్చి వేయగానే లోపల టిక్కుటిక్కు చప్పుడు తరుముకొస్తున్నట్టు మొదలైంది.

"ఏందిది, గింత గాబరా పడుతుంది?"

"ఎల్‌ఈడీ కరెంటు మస్తు తక్కువ తింటది అన్నా. కారేమో బల్బు మాడిపోయిందనుకుంటది. గందుకే లొల్లి. గా టిక్కుటిక్కుమనే ఫ్లాషర్ డబ్బి మారుస్తే ఊకుంటది."

తక్కువ తిని ఎక్కువ వెలగడం గోవర్ధన్‌కు బాగా నచ్చింది. శనివారాలు ఒంటిపూట ఉండే తల్లి గుర్తుకొచ్చింది. వెనక్కి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బబ్లూ కుడి ఇండికేటరు వేశాడు. వెలుగు నంబరు ప్లేటు పక్కన పుట్టి కుడి అంచు దాకా పరుగెత్తింది. గోవర్ధన్ తల ఊపాడు. ఎడమది వేశాడు. వెలుగు నంబరు ప్లేటు పక్కన పుట్టి ఎడమ అంచుకు పరుగెత్తింది. గోవర్ధన్ మొహం మారింది.

"ఇది ఉల్టా ఉరుకుతుంది బబ్లూ."

"ఎడమకు పోయే లైటు ఎడమకే ఉరుకుతది కదన్నా."

"ఎనక అద్దం మీద అమ్మవారి బొమ్మ ఉన్నది. హారతి ఎడమకెల్లి కుడికి తిప్పుతం. గుళ్లె ఎడమకెల్లి కుడికి తిరుగుతం. ఆమె ముంగట దీపం కుడికెల్లి ఎడమకు పోతే అప్రదక్షిణం. అదీ శుభకార్యానికి పోయే బండికి."

బబ్లూ గడ్డం గోక్కున్నాడు. "పూజ మాటల నేను నోరు పెట్ట. గని ముందే చెప్తున్న అన్నా, రేపు నన్ననొద్దు." ఎడమ పట్టీ ఊడదీసి తలకిందులు చేసి అతికించాడు. ఇప్పుడు ఎడమ ఇండికేటరు వేస్తే వెలుగు ఎడమ అంచున పుట్టి లోపలికి, కుడివైపుకు పరుగెత్తింది. గోవర్ధన్ చెంపలు వేసుకున్నాడు. కారు ముందు నుంచి లెక్కేస్తే ఇదంతా ఎటు తిరిగినట్టు అవుతుందోనన్న అనుమానం ఒకటి వచ్చింది గానీ, అమ్మవారు వెనకే ఉంది కదా అని సర్ది చెప్పుకున్నాడు.

గృహప్రవేశం నాడు ఎనిమిదింటికల్లా బయలుదేరారు. ముందు గోవర్ధన్ కారులో ఆయన, నాగమణమ్మ. దాని వెనకే, కొంచెం ఎడమగా, అంటుకున్నట్టే ఆగయ్య ట్రాలీ ఆటో, అందులో గౌరి ఆవు, దాని దూడ. వెనక బీరయ్య కారులో ఆండాలు, మరో నలుగురు ముత్తైదువలు, బట్టల పళ్లెం, ఒడిబియ్యం మూట. కట్టిన మూట నేల తాకకూడదని ఆండాలు దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

"బీరయ్య, ఫోన్లు చేసుడు, అడుగుడు ఏం లేదు," అన్నాడు గోవర్ధన్ గంభీరంగా. "నా లైట్లు చూసుకుంట రా."

"చూస్త బావా. కన్ను కొడుతదా ఈసారి?"

"కన్ను గాదు, ఉరికి చూపిస్తది."

చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటేదాకా అన్నీ కుడి మలుపులే పడ్డాయి. కుడి దీపం కుడికి ఉరికింది, బీరయ్య కుడికి వచ్చాడు. గోవర్ధన్ అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. జల్‌పల్లిలో కాలనీలు మొదలయ్యే నాలుగు తొవ్వల కూడలిలో మొట్టమొదటి ఎడమ మలుపు వచ్చింది. ఇండికేటరు వేశాడు. దీపం రెండుసార్లు ఉరికిందో లేదో, నీళ్ల ట్యాంకరు ఒకటి రెండు కార్ల మధ్యన దూరింది. గోవర్ధన్ ఎడమకు తిరిగాడు. తొమ్మిదికి చెల్లెలి గేటు ముందు దిగాడు.

గేటుకు మామిడాకులు కట్టి ఉన్నాయి. సక్కుబాయి పాత చీరలో తలస్నానం చేసి తడి జుట్టుతో నిలబడి ఉంది. పక్కన ఆమె భర్త బాలకిషన్, పంతులు.

"వచ్చినవా అన్నా. ఒడిబియ్యమేది? వదినేది?"

"ఎనకనే," అని తిరిగి చూశాడు గోవర్ధన్. వెనక ఆగయ్య ఆటో, అందులో గౌరి తప్ప ఎవరూ లేరు. అది నెమరు వేస్తూ ఆయన్నే చూస్తోంది.

"ఆగయ్య, బీరయ్య ఏడి?"

"నాకేమెరుక అన్నా. నేనైతే నీ టైర్లు చూసుకుంట వచ్చిన."

"లైటు చూడలేదా?"

"చూసిన. ఎలిగింది ఎడమ దిక్కున, ఉరికింది కుడి దిక్కు. నాకు తల తిరిగింది. టైర్లే నయమనుకున్న."

గోవర్ధన్ ఫోను తీశాడు.

"యాడున్నవ్‌రా?"

"నువ్వు పొమ్మన్న కాడనే ఉన్న బావా. కుడికి పొమ్మన్నవ్, పోయిన."

"కుడికి ఎప్పుడన్న?"

"నువ్వనలే, నీ లైటన్నది. ఉరికేదానెంట పోవాలె అని నువ్వే అంటివి. ఇగో, ఈడ ఒక గుట్ట, గుట్ట మీద ట్యాంకు, ముంగట ప్లాట్ల బోర్డులు మూడున్నయి. మనుషులు లేరు. అక్క నీతోని మాట్లాడుతదంట."

"మాట్లాడే టైము లేదు," అని గోవర్ధన్ గబగబా ఫోను పెట్టేశాడు. ఆండాలు ఏమంటుందో ఆయనకు ఫోను లేకుండానే తెలుసు.

సక్కుబాయి కొత్త గడప వైపు ఒకసారి, అన్న వైపు ఒకసారి చూసింది, అంతే. దానికన్నా రెండు మాటలు అంటే బాగుండేదని అనిపించింది ఆయనకు. కారు తిప్పాడు. నాగమణమ్మ దిగనంది.

"నేను సుత వస్త. నిన్నొక్కని పంపితే ఇంకేడికి ఉరుకుతవో."

దారిలో ఆమె అడిగింది, "గా దీపాన్ని గట్లెందుకు పెట్టించినవ్ బిడ్డా?"

చెప్పాడు. ప్రదక్షిణం, హారతి, అమ్మవారి బొమ్మ, అన్నీ. చెబుతుంటే బబ్లూ కొట్టులో ఉన్నంత బలం ఆ మాటల్లో ఇప్పుడు లేదు.

నాగమణమ్మ బడి మొహం చూడలేదు గానీ అరవై ఏళ్లుగా రోజూ హారతి ఇచ్చిన చెయ్యి ఆమెది. ఆ చెయ్యి ఎత్తి గాలిలో నిదానంగా తిప్పింది. "ఇగో, పైకెల్లి పోతున్నప్పుడు ఎటుపోతుంది?"

"ఎడమకెల్లి కుడికి."

"మల్ల కిందికెల్లి వచ్చేటప్పుడు?"

గోవర్ధన్ ఆ చెయ్యినే చూశాడు. "కుడికెల్లి... ఎడమకు."

"నీ దీపం అమ్మవారికి పైనున్నదా, కిందున్నదా?"

ఆయన అద్దంలో అమ్మవారి బొమ్మ వైపు చూశాడు. కారు ఒక గుంతలో పడి లేచింది. ఇన్నాళ్లు తను ఏది సవ్యం అనుకున్నాడో అదే అపసవ్యం. పోనీ కింద కుడి నుంచి ఎడమకు పెట్టిద్దామంటే, అప్పుడు కుడి ఇండికేటరు తిరగబడుతుంది. ఎటు చూసినా ఒక మలుపు తప్పు.

"మరి ఎట్ల పెట్టాలెనే అమ్మా?"

"అమ్మవారికి తొవ్వ ఎరుకే బిడ్డా. ఎనకొచ్చేటోళ్లకే ఎరుక లేదు."

తప్పు తొవ్వలు రెండు తిరిగాక గుట్ట, ట్యాంకు, మూడు బోర్డులు కనిపించాయి. బీరయ్య కారుకు ఆనుకుని పల్లీలు తింటున్నాడు. ఆండాలు మూట ఒళ్లో పెట్టుకుని, కారు తలుపు తెరిచి, కాళ్లు బయటపెట్టి కూర్చుంది.

"గంట నుంచి ఐదు సేర్ల బియ్యం ఒళ్లె మోస్తున్న," అంది. "కాళ్లు ఉన్నయో పోయినయో ఎరుకలేదు. దించుదామంటే నేల తాకొద్దాయె. ఇంకెన్ని ఊర్లు తిప్పుతవ్?"

"ఇప్పుడు తిన్నగ పోదం. పందొమ్మిది నిమిషాలున్నది."

"ఏది చూసుకుంట రమ్మంటవ్ బావా," అని అడిగాడు బీరయ్య మర్యాదగా. "ఎలిగేదా, ఉరికేదా?"

గోవర్ధన్ నోరు తెరిచేలోపే నాగమణమ్మ కొడుకు భుజం మీది తువ్వాలు లాక్కుంది. "నన్ను చూసుకుంట రా."

ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి ఇంటి వెనక స్టేషను. గార్డులు జెండా ఊపడం వేల సార్లు చూసింది. కారు ఎడమ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎడమ మలుపుకు తువ్వాలు చాచి ఊపింది. కుడి మలుపుకు లోపలికి లాక్కుని కొడుకు చేతికిచ్చింది, ఆయన తన వైపు ఊపాడు. మళ్లీ లాక్కుంది. తొవ్వ పక్కన గోడ కడుతున్న మేస్త్రీలు పని ఆపి చూశారు. ఒకడు తిరిగి చెయ్యి ఊపాడు కూడా. వెనక బీరయ్య కారు ఒక్క మలుపూ తప్పలేదు.

తొమ్మిది ముప్పై ఒకటికి గేటు ముందు ఆగారు. సక్కుబాయి పళ్లెం అందుకుని పక్కింట్లోకి పరుగెత్తి పుట్టింటి చీర కట్టుకొచ్చింది. ఐదుగురూ ఒడిలో బియ్యం పోశారు. ఆండాలు కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని పోసింది, పోస్తూనే భర్త వైపు ఒక చూపు విసిరింది. గౌరి గడప దగ్గర ఒక్క క్షణం ఆలోచించి, దూడ లోపలికి దూకగానే తనూ దాటింది. నున్నటి కొత్త బండల మీద పేడ వేసింది. పంతులు మంచి శకునమన్నాడు. టైల్సు తుడిచే పని పడ్డ బాలకిషన్ మాత్రం గుడ్డ వెతుక్కోవడానికి పోయాడు. తొమ్మిది ముప్పై తొమ్మిదికి సక్కుబాయి కుడికాలు లోపల పెట్టింది. కాసేపటికి కొత్త గిన్నెలో ఉప్పుగూడ పాలు పొంగాయి. ఆమె అన్నను చూసి నవ్వింది. ఈసారి గుచ్చుకోలేదు.

భోజనాలయ్యాక గోవర్ధన్ వంటింట్లోంచి ఒక అట్లకాడ అడుక్కుని కారు వెనక గొంతుకూర్చున్నాడు. ఎడమ పట్టీ నెమ్మదిగా పీకి, తిప్పి అతికించాడు. వైరు కొంచెం బయటికి వేలాడింది. అమ్మవారి బొమ్మకు దండం పెట్టి, మనసులో ఏదో చెప్పుకున్నాడు. క్షమించమని అడిగాడో, అసలు ఆమెకు ఇదంతా పట్టిందా అని అడిగాడో ఆయనకే తెలియాలి.

"బీరయ్య, జర చూడు. ఇప్పుడు ఎటు ఉరుకుతుంది?"

బీరయ్య వంగి చూశాడు. "ఎడమకే ఉరుకుతుంది. గని నమ్మకం పోయింది బావా. వాపసు పోయేటప్పుడు నేను ముంగట పోత. నువ్వు నా ఎనక రా."

"తొవ్వ ఎరుకనా?"

"ఒక పూటల రెండు సార్లు తిప్పితివి, ఎరుకగాక ఏమైతది."

అలా తిరుగు ప్రయాణంలో బీరయ్య ముందు నడిచాడు, గోవర్ధన్ వెనక. నాగమణమ్మ ఆ కారులో, ఆండాలు ఈ కారులో. మొదటి మలుపు వచ్చింది. గోవర్ధన్ కళ్లు చిట్లించి బీరయ్య కారు వెనక దీపాల కోసం చూశాడు. ఏ దీపమూ వెలగలేదు. కారు ఉన్నట్టుండి కుడికి తిరిగిపోయింది. తిరిగిపోయాక కిటికీలోంచి బీరయ్య చెయ్యి బయటికొచ్చి, ఇటే అన్నట్టు రెండుసార్లు ఊగింది.

"ఇండికేటరే లేదు వానికి," అన్నాడు గోవర్ధన్, బ్రేకు మీద కాలు వేసి.

"ఉన్నది," అంది ఆండాలు, మోకాళ్లు పట్టుకుంటూ. "వాడు ఎన్నడు వెయ్యలే."