రెండో చెట్టు

ఒప్పందం కుదుర్చుకున్నది భర్తలు కాదు. వారికి అంత ధైర్యం లేదు. తోడికోడళ్ళిద్దరే పెరట్లో ఎదురెదురుగా నిలబడి, నడుమ దండెం మీద ఆరుతున్న చొక్కాల సాక్షిగా మాట అనుకున్నారు. రెండు చెట్లూ ఒకే రోజు పోవాలి. పెద్దకోడలి నిద్రగన్నేరు పోతే చిన్నకోడలి నేరేడూ పోవాలి. అందులోనూ నేరేడు ముందు.

ఇల్లు ఒకటే, వాటాలు రెండు, పెరడు ఉమ్మడి. పెద్దకోడలు కాపురానికి వచ్చిన ఏడాదే నిద్రగన్నేరును తన చేత్తో నాటుకుంది. అత్తగారి వంటింట్లో, అత్తగారి గిన్నెల మధ్య, ‘ఇది నాది’ అనుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ మొక్క ఒక్కటే. సాయంత్రం దాని ఆకులు ముడుచుకున్నాక గాని ఆమె ఇంట్లో దీపం వెలిగేది కాదు. ఆ చెట్టు ఇప్పుడు చిన్నకోడలి వెనక గది మీదికి వాలింది. మాను మొదలు దగ్గర పుట్టగొడుగులు మొలిచాయి; వాలుకు ఎదురువైపు నేల నెర్రె విచ్చింది. కిందటి గాలివానకు విరిగిన కొమ్మ ఒకటి, చిన్నకోడలి కూతురు పడుకునే మంచానికి సరిగ్గా పైన, కప్పు రేకుకు సొట్ట పెట్టింది. నాటినుంచి చిన్నకోడలు పిల్లను ముందుగదిలో పడుకోబెడుతోంది. ఆకు కదిలినా ఆమెకు నిద్ర లేదు.

నేరేడు వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. దండెం ఒక కొస దానికీ, మరొక కొస నిద్రగన్నేరుకూ కట్టి ఉండేది. పండ్ల కాలం వచ్చిందంటే పెద్దకోడలి తెల్ల దుప్పట్ల మీద ఊదా మచ్చలు తప్పేవి కావు. దాని నేరమల్లా అదే.

“ఉతకడం నా వంతు, అద్దకం మీ చెట్టు వంతూనా?” అని ఆమె అనడం, “మా చెట్టుకు తెలుపంటే ఇష్టమక్కా” అని చిన్నకోడలు నవ్వడం ఒకప్పుడు ఉండేవి. తర్వాత, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మేడగది సంగతి వచ్చింది. “చలికాలం వెళ్ళేదాకానే అక్కా” అంటూ చిన్నకోడలు కుట్టుమిషను పైకెక్కించింది. చలికాలాలు వెళ్ళిపోయాయి గాని మిషను దిగలేదు. అప్పటినుంచి పెద్దకోడలి దృష్టిలో చిన్నకోడలి మాట నీటి మీద రాత. నేరేడు ముందు పడాలని ఆమె పట్టుబట్టింది అందుకే.

చెట్లు కొట్టేవాణ్ణి అందరూ ఉడుత అంటారు. తాళ్ళు, పెట్రోలు రంపం మిషను, ఇద్దరు మనుషులతో వచ్చి, నిద్రగన్నేరు మానును సుత్తితో తట్టి చూశాడు.

“విన్నారా? డప్పు. లోపలంతా బోలు.”

“నేరేడు ముందు” అంది పెద్దకోడలు.

“నేరేడు కొట్టేస్తే నేను దేనికి వేలాడాలమ్మా? మీవారి మెడకా?”

వాకిలి దగ్గర నిలబడిన ఆమె భర్త, తనకు తెలియకుండానే మెడ తడుముకున్నాడు.

“బోలు మానును నమ్మి ఎక్కనమ్మా” అన్నాడు ఉడుత. “నేరేడెక్కి, నడుం తాడు దానికి కట్టుకుంటా. నా బరువు దాని మీద. దీని మీద కాలు ఆనిస్తానంతే. కోసిన కొమ్మ దింపే తాడూ నేరేడు పంగలోంచే. ఆ తాడు పక్కకి లాగకపోతే కొమ్మ తిన్నగా రేకుల మీదికే. కాబట్టి నేరేడు ఆఖరు. కాదంటారా, మీ ఇద్దరికీ ఓ దణ్ణం, నా దారి నాది.”

పెద్దకోడలు తోడికోడలి వైపు తిరిగింది.

“నాది పడిపోయాక నీది నిలబడితే?”

“ఏం చేయమంటావక్కా? ఒట్టు పెట్టనా?”

“ఒట్లొద్దులే. చలికాలం వెళ్ళేదాకానే అని అప్పుడూ అన్నావు.”

పెద్దకోడలు రేకు మీది సొట్టను చాలాసేపు చూసింది. దాని కింద పిల్ల మంచం ఖాళీగా ఉందని ఆమెకు తెలుసు.

“కానియ్యవయ్యా” అంది.

ఇంటి తీగలకు కొమ్మ తగిలితే ప్రమాదమని మెయిన్ స్విచ్చి ఆపేశారు. పెరట్లో అడ్డుతాడు కట్టి, దాన్ని దాటి ఎవరూ రాకూడదన్నాడు ఉడుత. దండెం విప్పి చుట్టగా చుట్టాడు. ఆపైన రంపం మోత తప్ప మరేమీ వినిపించలేదు. తెగిన ప్రతి కొమ్మా ఒక్క క్షణం గాలిలో వేలాడి, రేకుల మీదినుంచి పక్కకు జరిగి, కిందివాళ్ళు తాడు వదిలే కొద్దీ నిద్రపోయే బిడ్డను దించినంత మెల్లగా నేలకు చేరింది. బరువు పడినప్పుడల్లా నేరేడు ఒళ్ళంతా జలదరించి పండ్లు రాల్చింది. పెద్దకోడలు వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని ఆ చెట్టునే చూసింది. తన చెట్టును చూడలేకపోయింది.

చివరికి మోడు మిగిలింది. అడ్డుతాడు తీశాక ఆమె వచ్చి, దాని బోలులో చెయ్యి పెట్టింది. నల్లటి పొట్టు, చెమ్మ.

“ఇన్నాళ్ళూ దేని మీద నిలబడిందే ఇది?” అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

చిన్నకోడలు తన చెట్టు వైపు చెయ్యి చూపింది. “ఇక నాది కొట్టు” అంది ఉడుతతో.

“ఇవాళ కాదు. నన్ను మోసిన చెట్టును అదే రోజు కొయ్యను. మా ఆవిడ చాదస్తమంటుంది, అననీ. సోమవారం పిలవండి, వస్తా.”

పెద్దకోడలు అతణ్ణి చూసి, తోడికోడల్ని చూసి, “మొదలైంది చలికాలం” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రెండు ముక్కలూ చిన్నకోడలికి ములుకుల్లా గుచ్చుకున్నాయి. ఆదివారం మధ్యాహ్నం ఆమె పెరట్లోకి వచ్చి, వంటింటి కిటికీకి వినబడేటట్టే ఫోను చేసింది. “రేపు పొద్దున్నే రావాలి. లేదు, మానుకోలేదు. మాటంటే మాటే.” ఫోను పెట్టేశాక ఆమె కదలలేదు. కొమ్మలు దింపేటప్పుడు నేరేడు మానుకు చుట్టిన తాడు ఒరిసి చేసిన గాడిలో వేలు పెట్టి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా నిమిరింది. తనను ఎవరూ చూడడం లేదనుకుంది. కిటికీ అవతల పెద్దకోడలు, ఎప్పుడో కడగడం పూర్తయిన గిన్నె చేతిలో పట్టుకునే, చూస్తూ నిలబడింది.

సోమవారం ఉడుత ఆలస్యంగా, ఎండెక్కాక వచ్చేసరికి పెరడు తెల్లగా ఉంది. నేరేడు మానునుంచి పెద్దకోడలి వంటింటి కిటికీ ఊచల దాకా కొత్తగా బిగించి కట్టిన దండెం. దాని పొడవునా దుప్పట్లు, పెట్టెలో దాచుకున్న మంచి దుప్పట్లతో సహా. పెద్దకోడలు నడుమున చెయ్యి పెట్టుకుని ఆ చెట్టు నీడలోనే నిలబడి ఉంది.

“చెట్టు కొట్టాలంటే దండెం విప్పాలమ్మా” అన్నాడు ఉడుత.

“ఎలా విప్పుతావు? బట్టలు ఆరలేదు.”

“ఇంత ఎండలోనా?”

“ఆరలేదంటున్నానుగా! దుప్పటి సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా?”

చిన్నకోడలు వచ్చి చివరి దుప్పటి అంచు పట్టుకు చూసింది. అది అప్పడంలా పెళపెళలాడింది. పైనుంచి నేరేడుపండు ఒకటి దాని మీద పడి, ఊదా చార గీస్తూ జారింది. పెద్దకోడలు ఆ మచ్చను చూసి కూడా దుప్పటిని అక్కడే ఉంచింది.

“అవునక్కా” అంది చిన్నకోడలు. “ఇంకా చెమ్మగానే ఉన్నాయి.”