గోదాలో మాట

పంతొమ్మిది వందల యాభై ఆరు నవంబరు ఒకటో తేదీన కొత్త రాష్ట్రం పుట్టింది. మూడేళ్లు మురిపించిన రాజధాని కర్నూలు చేజారి హైదరాబాదుకు పోయింది. అయినా నంద్యాలలో పండగ చేశారు. పోయినదానికి కూడా డప్పు కొట్టడం మనవాళ్లకు బాగా చేతనవును. ఆ నెలలోనే మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ అని పత్రికలు ఊదరగొడుతున్నాయి. మనమేం తక్కువని పెద్దలు కుస్తీ పెట్టి, గెలిచినవాణ్ణి హైదరాబాదు పోటీలకు పంపుతామన్నారు. ఆళ్లగడ్డ నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు.

హైదరాబాదు పోవాలన్నదే హుస్సేన్ పీరా ఆశ. దూదేకి పరుపులు కుట్టుకునే మనిషి. అతని కుడిచేయి పగలంతా దూదివిల్లు మీద, సాయంత్రం గోదాలో ఆడేది. ఇంటికి అన్నం పెట్టింది ఆ చేయే. ఇప్పుడు పేరు కూడా అదే తేవాలి.

ఎదుట నిలబడ్డవాడు దొర్నిపాడు భూస్వామి ఆదినారాయణ కొడుకు శ్రీనివాసులు. ఇరవై రెండేళ్లవాడు. తండ్రి ఇనుప పొన్నుకర్ర పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

తొడలు చరిచారు. శ్రీనివాసులు దూకుతూనే నుదుటితో పీరా ముక్కు పగలగొట్టాడు. నెత్తురు నోట్లోకి కారింది. పీరాకు ఒళ్లు మండి, వాణ్ణి నడుం పట్టి ఎత్తి కుదేశాడు. చేయి వెనక్కి మెలిపెట్టి, వీపు మీద మోకాలు మోపాడు. రెండో అరచేత్తో మట్టి కొడితే ఓడినట్టు, వదిలేయాలి. ఎముక కిర్రుమంటున్నా కుర్రవాడు మట్టి కొట్టలేదు.

"కొట్రా శీనా, ఇరుగుతాది" అన్నాడు పీరా చెవిలో.

"ఇరిచెయ్ అన్నా, నీ కాళ్లు మొక్కుతా. చేయి బాగుండంగ ఓడి ఇంటికి పోతే మా నాయన సంపుతాడు."

పీరాకు జాలేసింది. విరిచేశాడు. ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది.

పీరా గెలిచాడని తీర్పరి శాంతయ్య అరిచాడు. ఆయన డెబ్బై ఏళ్ల పాత వస్తాదు. ఆ కేక పూర్తయ్యేలోపే ఆదినారాయణ మనుషులు నలుగురు గోదాలోకి దూకారు. పీరాను బోర్లా తొక్కిపట్టి, కుడిచేయి లాగి గోదా గట్టురాతి మీద పెట్టారు.

"గెల్సినావు, సరే. నా బిడ్డ చేయి ఏల ఇర్చినావురా?" ఆదినారాయణ కర్ర ఎత్తాడు. "చేతికి చేయి!"

గోదాలో ఇద్దరు అనుకున్న మాట గోదా దాటకూడదు. అది వస్తాదుల కట్టుబాటు, ప్రాణం పోయినా తప్పరు. పీరాకు మాత్రం హైదరాబాదు కనిపించింది, ఇంట్లో దూదివిల్లు కనిపించింది. పచ్చిభయం వేసింది.

"నీ కొడుకే ఇర్చమన్యాడయ్యా! ఊరికే ఓడితే నువ్వు సంపుతావని కాళ్లు మొక్కినాడు!"

ఆదినారాయణ కొడుకువైపు తిరిగాడు.

"వాని కాళ్లు మొక్కినావా?"

శ్రీనివాసులు తల వంచుకున్నాడు. మనుషులు పీరాను వదిలేశారు. కర్ర ఇప్పుడు కొడుకు మీద లేచింది.

పీరా లేచి నిలబడ్డాడు. ఒక్క అడుగు వేస్తే కర్ర అందుతుంది. పొగరెక్కిన ఎద్దును కొమ్ములు పట్టి నిలిపిన చేయి అది. అడ్డం పెడితే మాత్రం విరుగుతుంది. అడుగు వేయలేదు. మొదటి దెబ్బకు కుర్రవాడి రెండో చేయి విరిగింది. తర్వాతి దెబ్బలు భుజం మీద, దవడ మీద పడ్డాయి. ముసలి శాంతయ్య పరుగెత్తుకొచ్చి ఆ కర్రకు వేలాడాకగాని దెబ్బలు ఆగలేదు.

పీరా సిగ్గుతో చచ్చిపోయాడు. మట్టిలో కూలబడి కుర్రవాణ్ణి లేపబోయాడు.

"తాకొద్దన్నా" అన్నాడు శ్రీనివాసులు, నెత్తురు ఉమ్మి. "హైదరాబాదుకు పో. నీకైనా చేతులుండాయి."