జాన్ సాహెబ్ ఇంటి ముందు ఆగిన పీరు

జాన్ సాహెబ్ పోయాక మా గల్లీలో ప్రతివాడూ పాటగాడైపోయాడు. ఆయన ఉన్నన్నాళ్లు నోరు విప్పనివాళ్లు కూడా "ఈ పాట నాకే నేర్పిండు" అని మొదలుపెట్టి, రెండో చరణం దగ్గర దగ్గు తెచ్చుకుని లేచిపోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఏళ్ల తరబడి ఆయన పక్కన నిలబడి వంత పాడినవాణ్ణి నేను. నాకే ఒక్క పాట మొదటి నుంచి చివరిదాకా రాదు. వీళ్లకెక్కడి నుంచి వచ్చింది?

నా పేరు సోమయ్య. చిలకలగూడలో దర్జీని. పరుపులకు గలీబులు నేను కుట్టేవాణ్ణి, వాటిలో నింపే దూది జాన్ సాహెబ్ ఏకేవాడు. మా రెండు దుకాణాలకు మధ్య ఒక తడిక, అంతే. ఆయన దూదేకే విల్లు నారి మోగినప్పుడల్లా ఆ మోతకే పాట కట్టేవాడు. పరుపు కోసం వచ్చినవాళ్లు పాట అయ్యేదాకా కూర్చుని, పరుపు మాత్రం మరిచిపోయి ఇంటికి వెళ్లేవారు. వాళ్ల వెనక పరుపు మోసుకుంటూ పరుగెత్తే పని నాది. పాటేమో ఆయనది, చెమటేమో నాది.

అయితే ఆయన పేరు నిలబడింది పీర్ల పండుగతో. పదో రోజున పీరు చావిడి నుంచి బయలుదేరి గల్లీలో ప్రతి గడప ముందూ ఆగుతుంది కదా. ఆ ఆగినప్పుడు జాన్ సాహెబ్ ఒక పద్ధతి పెట్టాడు. ఆ ఏడు ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, వాళ్ల పేరు పాటలో కలిపి పీరుకు వినిపించేవాడు. పేరుతో పాటు వాళ్లను గురించి ఒక నిజం. పొగడ్త కాదు, నిజం. మేం వెనక నుంచి "యాదిల ఉన్నడు, మా యాదిల ఉన్నడు" అని అందుకునేవాళ్లం. హిందువుల ఇల్లా, ముసల్మానుల ఇల్లా అని చూసేవాడు కాదు.

ఒక్కసారి తప్పు చేశాడు. బర్మా యుద్ధానికి వెళ్లిన చాకలి బాలమ్మ కొడుకు పోయాడని ఎవడో అంటే నమ్మి, ఆ పేరు పాడేశాడు. బాలమ్మ మంచం పట్టింది. మరుసటి ఏడు కొడుకు మూటాముల్లెతో స్టేషన్లో దిగాడు. జాన్ సాహెబ్ వెళ్లి ఆమె కాళ్లు పట్టుకున్నాడు. అప్పటి నుంచి పండుగకు ముందు ఇంటింటికీ వెళ్లి అడిగేవాడు. ఇంటివాళ్లు తమ నోటితో చెప్పని పేరు పాడేవాడు కాదు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయింది. యూనియన్ సైన్యం లారీలు తిరుమలగిరి వైపు వెళుతుంటే నేనూ రోడ్డు మీద నిలబడి చూశాను. సంతోషపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి? రజాకార్లు మా వీధిలో కర్రలు పట్టుకుని తిరిగిన రోజు కుట్టు మిషను కింద దాక్కున్నవాణ్ణి. కానీ ఆ సంతోషం వారం కూడా నిలవలేదు.

జాన్ సాహెబ్ ఒక్కగానొక్క కొడుకు మస్తాన్ అప్పటికే విల్లు భుజాన వేసుకుని పడమటి జిల్లాల ఊళ్లకు వెళ్లి ఉన్నాడు. చలికాలం రాకముందే అక్కడ ఇంటింటా దూదేకి రావడం వాడికి ఏటా అలవాటు. రావలసిన రోజు దాటింది. రోజూ పొద్దున్నే తడిక మీదుగా "మస్తాన్ వచ్చిండా?" అని నేనడిగేవాణ్ణి. పీర్ల చావిడి చూసుకునే ఇమాం వలి నమాజు నుంచి వస్తూ అడిగేవాడు. రైలింజనులో బొగ్గు వేసే యేసురాజు డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా అక్కడికే వచ్చి అడిగేవాడు.

బక్రీదుకు కొంచెం ముందు యేసురాజు నన్నూ ఇమాం వలినీ స్టేషను వెనక్కి పిలిచాడు. గూడ్సు బండి మీద ఆ వైపు వెళ్లాడట. ఒక కుమ్మరి చెప్పాడట. ఊళ్లో అల్లరి మూక లేచిన రోజు, గడ్డం చూసి మస్తాన్‌ను రజాకారని పట్టుకున్నారు. "ఈయన దూదేకెటోడు, యేటేట వస్తడు" అని ఆ కుమ్మరి అరిచినా ఎవరూ వినలేదు. శవం కూడా దొరకలేదు.

మేం ముగ్గురం చెప్పకూడదనుకున్నాం. ఒకరోజు ఆగి చెబుదామని, తర్వాత ఇంకో రోజు ఆగుదామని. పొరపాటున నోరు జారుతామేమోనన్న భయంతో మస్తాన్ పేరే ఎత్తడం మానేశాం. ఆ రోజుల్లోనే తడిక అవతల పాట కూడా ఆగిపోయింది. కాలం అలా ఉంది, ఎవరు పాడుతున్నారు గనక అనుకున్నాను. బక్రీదు వెళ్లాక జాన్ సాహెబ్‌కు జ్వరం తగిలింది. తగ్గలేదు. కొడుకు సంగతి తెలియకుండా పోయాడు, అదొక్కటే మేలు అని మాకు మేం చెప్పుకున్నాం.

పీర్ల పండుగ నెలవంక దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఇమాం వలి నా దుకాణానికి వచ్చాడు. గడ్డం తీసేశాడు. బేరానికి వచ్చిన కొత్త మనిషి అనుకుని "ఏం గావాలె?" అనబోయి, గొంతు విని ఆగాను. ఆ వయసులో ఆ నున్నటి చెంపలు చూడలేకపోయాను.

"ఈసారి పీర్లను లేపొద్దు సోమయ్యా," అన్నాడు. "మావోల్లు గడప దాటనీకే పరేషాన్ అయితున్రు. మిలిటరోల్లు ఏమనుకుంటరో ఏమో."

యేసురాజు అక్కడే గుడ్డల మూట మీద కూర్చుని ఉన్నాడు. "మిలిటరోల్లకు నేన్జెప్తా," అన్నాడు.

"నువ్వేం జెప్తవ్? బొగ్గెయ్యుడు తప్ప నీకేమొస్తది?" అన్నాన్నేను.

వాడు కోపం తెచ్చుకోలేదు. "మా అమ్మ పోయిన యేడు మా గడప ముంగట పీరును ఆపిండు జానన్న. మాది చర్చి ఇల్లని సుత సూడలే. 'బండి లేటైతే గడియారాన్ని తిట్టిన ఎమిలమ్మ' అని పాడిండు. ఏడ్సుకుంటనే నవ్విన. గసొంటి మనిషి పోయిన యేడే బందు జేస్తే, ఆయన పేరు ఎవరు పిలుస్తరు?"

ఆ మాటతో మేం ముగ్గురం జాన్ సాహెబ్ కబుర్లలో పడ్డాం. రైల్వే క్వార్టర్ల మేబెల్ దొరసాని తన గుమ్మం ముందు కూడా పీరును ఆపమని, పోయిన తన కుక్క పేరు చెప్పిన సంగతి ఇమాం వలి గుర్తు చేశాడు. "కుక్కకు పాటేందని నేను లొల్లి జేసిన. 'కుక్క అయితేంది చాచా, ఏడ్చే మనిషి ఉన్నది గద' అన్నడు. పోస్టుమాన్‌ను కరిచిన సంగతి సుత పాడిండు!" అని నవ్వాడు. నవ్వుతూనే చెంప మీద, గడ్డం ఉండే చోట, చెయ్యి పెట్టుకుని గబుక్కున తీసేశాడు. చివరికి తానే అన్నాడు, "సరే. పట్టపగలే లేపుదాం. కొద్దిమందిమే పోదాం. మరి పాడేదెవరు?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"వంత పాడెటోనికి ముంగటి ముక్క ఎట్లొస్తదయ్యా?" అని అరిచాను. అది నిజం. వంతవాడు చరణం ఎప్పుడైపోతుందా అని కాచుకుని ఉంటాడు, మొదలు వినడు. జాన్ సాహెబ్ మీద కూడా కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కరోజు, ఒక్క చరణం నువ్వు ఎత్తుకోరా అనకపోయాడు. కానీ వేరే దిక్కు లేదు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక మా ముగ్గురికీ ఒకేసారి ఒకే సంగతి తట్టింది. జాన్ సాహెబ్ ఇంటికి వెళ్లి పేర్లు అడగాలి. ఆ ఇంట్లో ఈ ఏడు పోయింది ఇద్దరు. రెండోవాడి సంగతి ఆ ఇంటి ఇల్లాలికి తెలియదు.

జాన్ సాహెబ్ భార్య రసూల్ బీ, భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, పరాయి మగవాళ్ల కంటపడకూడదు. తలుపుకు గోనె పరదా వేలాడుతోంది. మేం బయట నిలబడ్డాం.

"వదినె, పేర్లు అడగనీకే వచ్చినం," అన్నాను.

"ఆయన పేరు పిలువున్రి." పరదా వెనక గొంతు మామూలుగానే ఉంది. "కూరల ఉప్పు లేకున్నా ఊకున్నడు గని తాళం తప్పితే ఊకోలేదని పాడు సోమన్నా."

"ఇంకా?" అని అడిగేశాను. నా నోటికి బుద్ధి లేదు. యేసురాజు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇంకెవరున్నరు?" అంది. "బాలమ్మ కొడుకు రాలేదా, సోమన్నా?"

మలుపు తిరిగాక యేసురాజు గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఇప్పుడే వెనక్కి పోయి చెప్పేద్దామన్నాడు. పండుగ అయిపోనీ అన్నాడు ఇమాం వలి. చెప్పడం ధర్మమే. కానీ ఆ పరదా ముందు నిలబడి నీ కొడుకు లేడని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆమె ఇంకా దారి చూస్తూ ఉంది, ఆ దారిని నేను మూసేయలేను అనుకున్నాను.

పదో రోజు పీరు లేచింది. వెనుకటి ఏళ్లలో ఇసుక వేస్తే రాలనంత జనం ఉండేవారు. ఈసారి పదిమందిమి ఉన్నామో లేదో. మిలిటరీ జీపు ఒకటి మెల్లగా వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యేదాకా పీరును ఎత్తిన ఇమాం వలి అడుగు వేయలేదు. సగం తలుపులు తీసి ఉన్నాయి, సగం మూసి ఉన్నాయి. నేను పాడిన తీరు చెప్పుకోకపోవడమే మంచిది. రెండిళ్ల దగ్గర తాళం తప్పాను. జాన్ సాహెబ్ ఉంటే నడినెత్తిన ఒక్కటి పెట్టేవాడు.

ఆయన ఇంటి ముందు పీరు ఆగింది.

*గడప ముంగట నిలిచిన సామీ, జెర ఆగి ఇను*
*ఈ ఇంటి పెద్ద జాన్ సాహెబు పేరు ఇను*
*కూరల ఉప్పు లేకున్నా ఊకున్నడు*
*తాళం తప్పితే ఊకోలే, ఊకోలే*

"యాదిల ఉన్నడు, మా యాదిల ఉన్నడు" అని వెనక నుంచి అందరూ అందుకున్నారు. చాకలి బాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక్కడ మాత్రం నా గొంతు నిలబడింది, ఆయన దయ. ఇక కదలండని ఇమాం వలికి సైగ చేశాను. పీరు పక్కింటి వైపు తిరిగింది.

"సోమన్నా," అని పరదా వెనక నుంచి పిలిచింది రసూల్ బీ. "ఒక్క పేరే పిలిచినవ్."

నేను వెనక్కి తిరిగాను. "నువ్వు ఒక్కటే జెప్పినవ్ గద వదినె."

"మీరు సుత ఏం జెప్పలే గద." గొంతు పెద్దది చేయలేదు. "ముంగట రోజూ అడుగుతుండె మీరు. మస్తాన్ వచ్చిండా, మస్తాన్ ఖబర్ ఏంది అని. యేసురాజు బొగ్గు మొకంతోనే వచ్చి అడుగుతుండె. ఒక్కనాటి సంది ముగ్గురు ఒక్కపారే అడుగుడు బందు జేసిన్రు. మాకు తెల్వదా?"

ఇమాం వలి పీరును గుండెకు ఆనించుకున్నాడు. యేసురాజే అడిగాడు, "అన్నకు సుత తెల్సా వదినె?"

"ఆ దినం సంది దూది ఏకుతుంటే ఆయనకు పాట రాలే. నాకు తెల్వదని ఆయన అనుకున్నడు. ఆయనకు తెల్వదని నేను ఊకున్న. పోయే దినం సుత, మస్తాన్ వస్తే విల్లుకు కొత్త నారి కట్టుకొమ్మను అన్నడు. నా కోసమే అన్నడు. సరే జెప్తా అన్న నేను. మొన్న మీరు అడిగితే నోరు రాలే సోమన్నా. ఇయ్యాల తండ్రి పేరు ఒక్కటే ఇంటే, కొడుకును బయట నిలబెట్టినట్టు అనిపిచ్చింది. వానికి జనాజా లేదు, గోరీ లేదు. పేరన్న పిలువు. ఇంటి నోటితోనే జెప్తున్న."

ఎవరి కోసం దాచామో వాళ్లే ఒకరి కోసం ఒకరు దాచుకున్నారు. నాకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. జాన్ సాహెబ్ ఆ చివరి రోజుల్లో ఆ బరువు ఒక్కడే మోశాడు. తడిక అవతలే కూర్చుని ఉన్నాను నేను.

"వాని గురించి ఏం పాడాలె వదినె?" అని అడిగాను.

గల్లీలో ఎవరూ కదలలేదు. "చలికాలానికి మంది ఇండ్లల్ల పరుపులు మెత్తగ జేస్తనని పోయిండు," అంది. "గదే పాడు."

ఇమాం వలి పీరును మళ్లీ ఆ గడప వైపు తిప్పాడు. నేను ఎత్తుకున్నాను.

*మంది పరుపులు మెత్తగ జేస్తనని పోయిండు సామీ*
*మస్తాను పేరు ఇను, ఈ ఇంటి మస్తాను పేరు ఇను*

వంత రాలేదు. వెనక్కి చూశాను. యేసురాజు నోరు తెరిచే ఉంది, అందులోంచి మాట రావడం లేదు. ఇమాం వలి నున్నటి చెంపల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. వాళ్లు అందుకుంటారని చూసి నేనే అందుకోబోతే నాకూ ఏడుపే వచ్చింది.

అప్పుడు పరదా వెనక నుంచి వినిపించింది. "యాదిల ఉన్నడు, మా యాదిల ఉన్నడు."

ఇంటివాళ్లు వంత పాడకూడదు. అది జాన్ సాహెబ్ పెట్టిన కట్టుబాటే. ఏడ్చే పని ఇంటివాళ్లది, పాడే పని మనది అనేవాడు. ఆ రోజు మేం ముగ్గురం ఏడుస్తూ నిలబడితే, రసూల్ బీ పాడింది.