చేతులు చాపిన గింకో

కొండవాలు వీధిలో ఆ గింకో చెట్లన్నీ ముప్పై ఏళ్ళ కిందట నాటింది పురపాలక తోటమాలి ప్యో దొక్సు. జానెడు మొక్కలప్పుడు ఏది మగదో, ఏది ఆడదో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాపుకొచ్చాక సంగతి బయటపడింది. ఆడ చెట్ల పండ్లు రాలి, కాళ్ళ కింద నలిగి, వీధంతా ముక్కు మూసుకునేంత కంపు. జనం ఫోన్లు చేసి తిట్టిపోశారు. చివరికి పురపాలక కార్యాలయం ఆడ చెట్లను కొట్టేయమంది. వాటిని గుర్తించి ఎర్ర గుడ్డ కట్టే పని దొక్సు నెత్తినే పడింది.

ఆకులు, పండ్లు రాలిపోయాక తీరిగ్గా బయల్దేరాడు. నిటారుగా పెరిగితే మగది, కొమ్మలు చేతుల్లా చాపితే ఆడది అని తోటపనివాళ్ళ లెక్క. వీధి దిగువన ఒక్నామ్ అవ్వ ఉడికించిన మొక్కజొన్న అమ్ముకునే చెట్టు గొడుగులా విచ్చుకుని పెరిగింది. దాని మొదలు దగ్గర నలిగిన పండ్లూ ఉన్నాయి. ఇంకేం, గుడ్డ కట్టేశాడు.

"ఏమయ్యా దొక్సూ, అది మగదయ్యా! ఇరవై ఏళ్ళుగా దీని కిందే కూర్చుంటున్నా, ఒక్క పండు నా నెత్తిన పడలేదు. అవి వాలు పైనున్న చెట్టువి, దొర్లుకుంటూ వస్తాయి."

"నీ నీడ పోతుందని ఎన్ని కథలైనా చెప్తావులే అవ్వా!" అని నవ్వాడు దొక్సు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి.

చలికాలంలో చెట్టు కొట్టేశారు. ఎండాకాలం వచ్చింది. అవ్వ ఓ పాత గొడుగు కింద కూర్చుని అమ్మింది. నడివేసవిలో ఒకరోజు సొమ్మసిల్లి పడిపోయింది. ఆ తర్వాత మళ్ళీ బుట్ట ఎత్తలేదు.

శరత్తులో, కొట్టేసిన చెట్టు మొద్దు పక్కన మళ్ళీ అదే కంపు. దొక్సు తలెత్తి చూశాడు. పైనున్న నిటారు చెట్టు నిండా పండ్లే. అవ్వ చెప్పిన చెట్టే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మగ కొమ్మ అంటుకట్టిన మొక్క ఒకటి తీసుకుని అవ్వ ఇంటికి వెళ్ళాడు.

"తప్పయిపోయింది అవ్వా. ఇది మాత్రం మగదే, ఒట్టు. అక్కడే నాటుతాను."

"నీడ ఎప్పటికిస్తుంది?"

"పదిహేనేళ్ళు పడుతుంది."

"నాకిప్పుడు డెబ్బైతొమ్మిది" అని అవ్వ నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. "చెట్టు పోయిందని కాదు నాయనా నా బాధ. ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్లో తిడితే విన్నావు. ఇరవై ఏళ్ళు నా చేతి కండె తిన్నావు, నేను ఎదురుగా నిలబడి చెప్తే అబద్ధమన్నావు."

ఆమె తలుపు మూసుకున్నాక కూడా దొక్సు మొక్క పట్టుకుని చాలాసేపు గుమ్మం ముందే నిలబడ్డాడు.