తోడుగా వచ్చినవాడు

నేను పనిచేసే హోటల్లో ఒక గదిలో పరుపు కింద దుప్పటి అంచులు దోపుతుండగా ఫోన్ మోగింది. మా ప్రొఫెసర్ బిర్గిట్.

"పబిత్రా, చదువు మానేస్తున్నట్టు నిన్న మెయిల్ పెట్టావు. ఒంట్లో బాగానే ఉందా?"

నేను ఏ మెయిలూ పెట్టలేదు. ఎవరు పెట్టారో తెలియడానికి నిమిషం కూడా పట్టలేదు. నా కంప్యూటర్ ఇంట్లో ఉంది. ఇంట్లో నా భర్త నవరాజ్ ఉన్నాడు. పోయిన వారం నేపాల్‌లో, చిత్వన్‌లోని ఇంట్లో అత్తయ్య మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

ఆవిడ పెళ్ళిచూపులకి వచ్చిన రోజు నా మొహం వైపు చూడనేలేదు. ఇంగ్లిష్ పరీక్ష కాగితం తెప్పించుకుని చూసింది. "తొమ్మిదికి ఏడున్నర వచ్చిందా? అయితే పిల్ల బాగుంది" అంది. ఫీజు వాళ్ళు కట్టారు, నేను వాళ్ళబ్బాయిని నా వీసా మీద డెన్మార్క్ తీసుకొచ్చాను. అతని వీసా కార్డు మీద 'విద్యార్థినికి తోడుగా వచ్చిన భర్త' అనే ఉంటుంది. ఊళ్ళో మాత్రం ఆవిడ "మావాడు యూరప్ వెళ్ళాడు, పెళ్ళాన్ని కూడా వెంట తీసుకెళ్ళాడు" అని చెప్పుకుంటుంది. వినీ వినీ అతనూ అదే నమ్మాడు. నాకు పొద్దున క్లాసు, మధ్యాహ్నం హోటల్లో పద్నాలుగు గదులు, ఇంటికొచ్చి పప్పూ అన్నం. అతను రెస్టారెంట్లో గిన్నెలు కడుగుతాడు. అందుకని ఇంట్లో కంచం కూడా తియ్యడు. "అక్కడా నేనే, ఇక్కడా నేనేనా?" అంటాడు. నేను పద్నాలుగు పరుపులు సర్ది వచ్చి, పదిహేనోది సర్దుతాను.

పోయిన శీతాకాలం నాకు మూడో నెల గర్భం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి పడుకుంటే వీడియోలో అత్తయ్య: "పొద్దస్తమానం పుస్తకాలు పట్టుకునేదానికి కడుపెలా నిలుస్తుంది?" నవరాజ్ తల ఊపాడు. ఫోన్ పెట్టేశాక నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఇవాళ్టికి కూర వద్దులే. పప్పు ఒక్కటి పడెయ్, చాలు" అన్నాడు. అది దయ అనుకున్నాడు. పాపం, నేను కూడా అలాగే అనుకుని లేచి పప్పు కడిగాను.

హోటల్ నుంచి ఇంటికెళ్ళేసరికి అతను సోఫాలో పడుకుని తల్లితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"నా పేరుతో మెయిల్ పెట్టారా?"

"అడిగితే ఏడుస్తావని నేనే పెట్టేశాను. శుక్రవారానికి నీకు టికెట్ కూడా కొన్నాను. అమ్మని లేపి కూర్చోబెట్టే మనిషి కావాలి."

"ఇంకో నాలుగు నెలల్లో నా చదువు అయిపోతుంది."

"అయిపోతే ఏం, మంత్రివవుతావా?"

"నా చదువు ఆగితే మీ వీసా ఉండదు."

నవ్వాడు. "నన్ను బెదిరిస్తోందమ్మా" అన్నాడు ఫోన్‌లోకి.

"దాంతో వాదనేంట్రా? ఫీజు కట్టింది మనం. బట్టలు సర్దుకోమను" అంది అత్తయ్య స్పీకర్లోంచి.

సర్దుకున్నాను. మర్నాడు పొద్దున పెట్టెతో బిర్గిట్ గదికెళ్ళి ఆ మెయిల్ నాది కాదని రాసిచ్చాను. అక్కడి నుంచి హోటల్లో నాతో పనిచేసే కెన్యా అమ్మాయి వంజిరు గదికి వెళ్ళాను. "చెల్లీ, నేల మీద పరుపేస్తాను. కానీ నేను గురక పెడతాను, ముందే చెప్తున్నా" అంది. ఆ పరుపు మీదే కూర్చుని వీసా ఆఫీసువాళ్ళ ఫారం నింపాను. 'భర్తతో కలిసి ఉంటున్నారా?' అన్న చోట లేదని రాశాను.

ఆరు వారాల్లో అతనికి ఉత్తరం వచ్చింది, దేశం వదిలి వెళ్ళాలని. ముందు ఫోన్‌లో బూతులు తిట్టాడు. తర్వాత ఏడ్చాడు. "కలిసే ఉంటున్నామని ఒక్క సంతకం పెట్టు పబిత్రా. నీ కాళ్ళు పట్టుకుంటాను." ఇంతకాలంలో నన్ను పేరు పెట్టి అంత మెత్తగా ఎన్నడూ పిలవలేదు.

"అత్తయ్యని లేపి కూర్చోబెట్టే మనిషి కావాలన్నారుగా, మీరే వెళ్ళండి" అన్నాను.

మర్నాడు అత్తయ్యే ఫోన్ చేసింది.

"మగపిల్లాడు నాకు ఒంటికి, రెంటికి సాయం ఎలా చేస్తాడే? నాకు సిగ్గు కాదూ?"

"నేను చేస్తే సిగ్గుండదా అత్తయ్యా?"

ఆవిడ తిట్టకుండా, శాపం పెట్టకుండా, "నడుం కింద నొప్పి చంపేస్తోందే" అంది. తన బాధ నాతో చెప్పుకోవడం అదే మొదటిసారి. వేళకి మాత్రలు వేసుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాను.

జాలి కలిగింది. విమానం ఎక్కేంత జాలి మాత్రం కలగలేదు.