గంగరాజు ఒంటి తుమ్ము

నేను ఒక పొడుం డబ్బాను. ఇత్తడిదాన్ని. అజ్జరంలో నన్ను చేసినవాడు కుంకుమ భరిణె చేద్దామనే మొదలుపెట్టాడు గానీ, మూత మరీ బిగుసుకుపోయింది. ఇక ఆడవాళ్ళ వేళ్ళకు లొంగనని తేల్చి, పొడుం పీల్చేవాళ్ళకు అమ్మేశాడు. నుదుటికి దగ్గర కావలసినదాన్ని ముక్కుల పాలయ్యాను. తలరాత!

మొదట ఒక పురోహితుడి రొంటిన చేరాను. ఆయన సరిగ్గా ముహూర్తం వేళకు మంత్రం మధ్యలో తుమ్మి, పెళ్ళివారి చేత నానా మాటలూ పడి, ఆ కోపంలో నన్ను అక్కడే వదిలేసి పోయాడు. ఆ పెళ్ళికి వచ్చిన గంగరాజుకు నేను దొరికాను. దొరకడం అనేది ఆయన మాట. అటూ ఇటూ చూసి గబుక్కున జేబులో వేసుకోవడాన్ని మనుషులు అలాగే అంటారు.

గంగరాజు ఏలూరులో తివాచీల షెడ్డులో పనిచేసేవాడు. ముక్కులో చేరే ఉన్ని నూగుకు పొడుమే మందని లోకానికి చెప్పేవాడు. అసలు వాడకం వేరు. భార్య మాణిక్యమ్మ చెల్లెలి ఊరికని గడప దాటబోయేసరికి, ఈయన నన్ను తెరిచి చిటికెడు పీల్చి "హాచ్!" మనేవాడు. ఒంటి తుమ్ము అపశకునం కదా! ఆవిడ సంచి కింద పడేసి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, పాడు తుమ్మనీ పాడు పొడుమనీ పాడు మొగుడనీ వరసగా తిట్టేది. ఈలోగా కబుర్లలో పడేవారు, బస్సు పోయేది. రెండో తుమ్ము వస్తే శకునం బాగుపడిపోతుందని ఆయన ముక్కు గట్టిగా పట్టుకునేవాడు. ఆవిడ ఇంట్లో లేకపోతే ఆ మనిషికి అన్నం సయించేది కాదు. ఆ మాట నోటితో చెప్పడానికి మాత్రం సిగ్గు.

ఒకనాడు భోజనం చేసి మంచం మీద ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు. నేను ఆయన చొక్కా జేబులోనే ఉన్నాను. గుండె చప్పుడు ఆగడం నాకే ముందు తెలిసింది. ఇత్తడికి బాధేమిటి అనుకుంటారు గానీ, ఉంటుంది.

మాణిక్యమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళకు చాపలు పరిచింది, పోయేవాళ్ళకు చెప్పులు వెతికిపెట్టింది. పరామర్శకు వచ్చినవాళ్ళకు అదేమీ నచ్చలేదు. ఏడిస్తే ఓదార్చడానికి సిద్ధపడి వచ్చారు మరి. రాతిగుండె అనుకుంటూ వెళ్ళారు.

కర్మకాండ అయ్యాక చెల్లెలు వరాలు ఆవిణ్ణి నిద్రకు తీసుకెళ్ళడానికి వచ్చింది. చావు జరిగిన ఇంటి మనిషిని అయినవాళ్ళు తీసుకెళ్ళి, ఓ రాత్రి తమ ఇంట పడుకోబెట్టి పంపడం ఆచారం. వాకిట్లో ఆటో ఆగింది. మాణిక్యమ్మ సంచి పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడిపోయింది.

"ఏంటక్కా, రా! బస్సెళ్ళిపోద్ది."

"ఉండవే. మీ బావ ఇంకా తుమ్మలేదు."

వరాలు ఆటో అతన్ని ఆగమని సైగ చేసింది. మాణిక్యమ్మకు అడుగు ముందుకు పడలేదు. కాపురమంతా ఆపేవాడు ఉన్నాడనే బయల్దేరింది. ఆపేవాడు లేని ప్రయాణం ఎలా మొదలుపెట్టాలో ఆవిడకు తెలియలేదు. ఈవిడ బతుకు ఈ గడప దగ్గరే ఆగిపోతుందేమోనని నాకు భయం వేసింది.

చివరికి లోపలికి వచ్చి, ఎన్నడూ ముట్టుకోనిదాన్ని, ఆయన పోయిననాడు ఎవరో గూట్లో పడేసిన నన్ను తీసింది. మూత పళ్ళతో లాగింది. చిటికెడు సరిపోతుందని చెప్పేవాడు లేడు కదా, దోసెడు పీల్చినంత పని చేసింది. ఇక చూడండి తుమ్ములు! ఒకటైతే ఆగాలి, రెండైతే వెళ్ళాలి, ఇన్ని వస్తే ఏం చేయాలో శాస్త్రం చెప్పలేదు. ఆ తుమ్ముల మధ్య ఎక్కడో ఏడుపు అందుకుంది. గోడకు జారగిలబడి గొల్లుమంది.

"ఏడువక్కా, ఏడువు" అంటూ వరాలు వాటేసుకుంది.

పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఏం లేదమ్మా, పొడుం ఘాటు" అంది మాణిక్యమ్మ, ముక్కు చీదుకుంటూ. తర్వాతి బస్సుకు చెల్లెలితో వెళ్ళింది. నన్ను చెంగున ముడివేసుకుంది.

ఇప్పుడు రోజూ పనులు తెమిలాక అరుగు మీద కూర్చుని నన్ను తెరుస్తుంది. కాసేపు కళ్ళు తుడుచుకుంటుంది. ఒక్కోరోజు తుడుచుకుంటూనే నవ్వుకుంటుంది. మూత బిగించి మళ్ళీ పనిలో పడుతుంది.

"మొగుడు పోయాక పొడుం మరిగింది, చూశావటే!" అని వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు.

నాలో పొడుం అయిపోయి చాలా కాలమైంది. ఆవిడ మళ్ళీ కొననేలేదు.