కంగారు లేని గొంతు

అంబులెన్సు కాల్ సెంటర్‌లో చిట్టి పని వినడం. పాత కాల్స్ రికార్డింగులు విని ఏది అత్యవసరం, ఏది కాసేపు ఆగినా పర్వాలేదు అని గుర్తు పెట్టాలి. ఆ గుర్తులు చూసి మిషను నేర్చుకుంటుంది. గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు ముందు, నిదానంగా మాట్లాడేవాళ్ళు వెనక. అలాగే పెట్టమని పైవాళ్ళు చెప్పారు, పెట్టింది. ఆమె చేతిమీదుగా పాఠాలు నేర్చిన ఆ మిషనే ఇప్పుడు మనుషుల్ని పక్కకు నెట్టి ఫోన్లెత్తుతోంది. అబ్బో, ఎంత ఘనకార్యమో!

పోనీ, నిదానంగా మాట్లాడేవాళ్ళ సంగతి చిట్టికి తెలియదా అంటే, ఆమెను పెంచిన అక్కే అలాంటి మనిషి. పురిటినొప్పులు పడుతూ కూడా నర్సును "మీరు భోంచేశారా?" అని అడిగింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచింది లేదు. కష్టమొస్తే మరీ మెల్లగా మాట్లాడేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఆ అక్కకు గుండెల్లో నొప్పి వచ్చింది. డ్యూటీలో చెల్లెలి ఫోను లాకరులో ఉంటుందని తెలుసు కాబట్టి నేరుగా అంబులెన్సుకే చేసింది. మిషను ఎత్తింది, విన్నది, వెనక వరసలో పెట్టింది. బండి వెళ్ళేసరికి అక్క లేదు.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున చిట్టి తిన్నగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది.

"మా అక్క కాల్ నాకివ్వండి సార్."

"నీకెందుకమ్మా ఆ బాధ? ఇంకొకరు వింటార్లే."

"వద్దు. నేనే వింటాను."

హెడ్‌ఫోన్లలో అక్క మాట్లాడింది. "కొంచెం గుండెల్లో నొప్పిగా ఉందండీ. చెయ్యి కూడా లాగుతోంది. కంగారేం లేదు, ముందు వేరేవాళ్ళుంటే చూడండి. మా చెల్లి అక్కడే పనిచేస్తుంది, దానికి మాత్రం చెప్పకండి, హడలిపోతుంది."

"ధన్యవాదాలు. దయచేసి వేచి ఉండండి" అంది మిషను, ఎంతో మర్యాదగా.

"సరేనండీ" అంది అక్క.

ఛీ, నా చేతులు విరిగిపోనూ, ఇన్నాళ్ళూ ఎవరెవరి అక్కల్ని వెనక్కి నెట్టానో అనుకుంది చిట్టి. ఏడుస్తూనే అత్యవసరం అన్న గుర్తు నొక్కింది.

"ఇక ఇలాంటి గొంతు వస్తే ముందు పంపుతుంది కదా సార్?"

సూపర్‌వైజరు మంచివాడే, ఏం లాభం?

"ఒక్క కాల్‌తో అది నేర్చుకోదమ్మా. ఇలాంటివి ఇంకా చాలా రావాలి."